పాప కోర్టులో అరుస్తోంది, ఓడితే ఏడుస్తోంది: ఏది ఆపాలి, ఏది వదిలేయాలి

మీ ప్రశ్నలో మూడు సంగతులు కలగలిసి ఉన్నాయి. మీ పాపకు పన్నెండేళ్లు, వైట్‌ఫీల్డ్ దగ్గర అకాడమీలో షటిల్ నేర్చుకుంటోంది. పాయింట్ వచ్చిన ప్రతిసారీ పిడికిలి బిగించి అరుస్తుంది. మొన్న టోర్నమెంట్‌లో ఓడిపోయి, ఎదుటి అమ్మాయికి చేయి కూడా కలపకుండా ఏడుస్తూ కోర్టు బయటికి వచ్చేసింది. కోచ్ 'నోరు మూసుకుని ఆడు' అంటున్నారు, మీ అత్తగారు 'ఆడపిల్లకి ఆ అరుపులేంటి' అంటున్నారు, పాపేమో 'సింధక్క అరవట్లేదా' అని ఎదురడుగుతోంది. ఎవరి మాట వినాలి అన్నారు.

నేను యూనివర్సిటీ జట్టు దాకా ఆడి, ఉద్యోగానికని బెంగళూరు వచ్చి, చివరికి పిల్లలకు ఆట నేర్పిస్తూ, వారాంతాల్లో మ్యాచ్‌లకు అంపైరింగ్ చేస్తూ ఇక్కడే స్థిరపడ్డవాణ్ని. వసంతనగర్‌లోని కర్ణాటక బ్యాడ్మింటన్ అసోసియేషన్ (కేబీఏ) కోర్టుల్లో కూర్చుని ఈ వయసు పిల్లల ఆట ఏళ్ల తరబడి చూశాను. మీరు రాసినదాంట్లో అరుపు గురించి నాకు బెంగ లేదు. ఏడుపు గురించి అసలే లేదు. చేయి కలపకుండా వచ్చేసిందన్న మాట దగ్గర మాత్రం ఆగాను.

సింధు సంగతితోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీ పాపకు ఆ కథ సగమే తెలుసు. సింధు మొదట్నుంచీ అరిచే మనిషి కాదు. కోర్టులో బాగా నెమ్మది. రియో ఒలింపిక్స్‌కు ముందు గోపీచంద్ ఆమెను హైదరాబాద్ అకాడమీలో కోర్టు మధ్యలో నిలబెట్టి, తోటి ఆటగాళ్లందరూ చూస్తుండగా గొంతెత్తి అరవమన్నారు. అరిచేదాకా రాకెట్ పట్టనివ్వనన్నారు. ఆమెకు కన్నీళ్లొచ్చాయి గానీ అరుపు ఓ పట్టాన రాలేదు. తర్వాత వాళ్లే బయటికి చెప్పిన సంగతి ఇది. అంత పెద్ద కోచ్ పనిగట్టుకుని అరవడం ఎందుకు నేర్పించారో ఆలోచించండి. ఆడేవాళ్లకు తెలుస్తుంది: సుదీర్ఘమైన ర్యాలీ తర్వాత అరిస్తే బిగబట్టిన ఊపిరి బయటికి పోతుంది, భుజాలు వదులవుతాయి, ఆ పాయింట్ అక్కడితో ముగిసిపోతుంది. మెతకగా కనిపించే అమ్మాయి మీద ఎదుటివాళ్లు ధైర్యం చేసి దూకుడుగా ఆడతారు. అరుపు ఆ ధైర్యాన్ని కొంచెం తగ్గిస్తుంది. సాధనలో అది కూడా ఒక భాగమే.

మీ పాపకు తెలియని రెండో సగం 2016 ఆగస్టు 19 నాటిది. రియో ఫైనల్‌లో తొలి గేమ్ 21-19తో గెలిచి, తర్వాతి రెండూ 12-21, 15-21తో సింధు ఓడిపోయింది. గెలిచిన కరోలినా మరీన్ కోర్టు మీద పడిపోయి వెక్కి వెక్కి ఏడుస్తోంది. సింధు నెట్ దాటి అటువైపు వెళ్లి, ఆమెను పట్టుకుని కౌగలించుకుంది. నేల మీద పడి ఉన్న మరీన్ రాకెట్‌ను తీసి పక్కన పెట్టింది. ఇరవై ఒక్కేళ్ల పిల్ల, ఒలింపిక్ స్వర్ణం చేజారి నిమిషం కాలేదు. ఆ మ్యాచ్ పొడవునా ఇద్దరూ గొంతు చించుకుని అరుచుకున్నారు. ఆ అరుపులు ఈ పనికి అడ్డం రాలేదు.

నేను నమ్మేది ఇదే. ఎంత గట్టిగా అరిచారు, ఎంత ఏడ్చారు అన్నది క్రీడాస్ఫూర్తికి కొలత కాదు. ఆ సంతోషంలో, ఆ బాధలో మునిగి ఉన్నప్పుడు కూడా నెట్‌కు అటువైపున్న మనిషి కంటికి కనిపిస్తున్నారా లేదా అన్నదే కొలత.

నియమాలు కూడా దాదాపు ఇదే చెబుతాయి. అరవకూడదని షటిల్ నియమాల్లో ఎక్కడా లేదు. ర్యాలీ నడుస్తుండగా కావాలని అరిచి గానీ సైగలు చేసి గానీ ఎదుటివాళ్ల దృష్టి మళ్లిస్తే అది ఫాల్ట్. అవమానకరంగా ప్రవర్తించడం, ఆట ఆలస్యం చేయడం, షటిల్ ఈకలు పాడుచేయడం దుష్ప్రవర్తన. మొదట హెచ్చరికగా పసుపు కార్డు, ఆ తర్వాత మళ్లీ చేస్తే ఎరుపు కార్డు, దాంతో ఎదుటివాళ్లకు పాయింట్ వస్తుంది. నల్ల కార్డు రిఫరీ చూపిస్తే ఇక ఆట నుంచే బయటికి. 2023 అక్టోబరులో డెన్మార్క్ ఓపెన్ సెమీఫైనల్‌లో సింధు, మరీన్ అరుపులు శ్రుతి మించితే అంపైర్ ఇద్దరికీ పసుపు కార్డులు చూపించారు. ఏడేళ్ల కిందట ఒకరినొకరు హత్తుకున్న ఇద్దరే వాళ్లు. ఆ తర్వాత మళ్లీ స్నేహంగానే మాట్లాడుకున్నారు. కాబట్టి మీ పాప 'సింధక్క అరుస్తుంది కదా' అంటే, 'అరుస్తుంది, హద్దు దాటితే సింధక్కకూ కార్డు పడింది' అని కూడా చెప్పండి.

అంపైర్ కుర్చీలో కూర్చున్నప్పుడు నేను చూసేది కళ్లను. పాయింట్ గెలిచి తనలో తాను, లేదా తన కోచ్ వైపో గ్యాలరీ వైపో తిరిగి అరిచిన పిల్లని నేను పట్టించుకోను. నెట్ దగ్గరికి వచ్చి, ఎదుటి పిల్ల కళ్లలోకి చూస్తూ పిడికిలి ఊపితే పిలిచి చెబుతాను. ఎదుటి పిల్ల సర్వీస్ కొట్టి నెట్‌లో పడేసుకున్నప్పుడు అరిచినా చెబుతాను, అది తను గెలిచిన పాయింట్ కాదు, ఆ పిల్ల పోగొట్టుకున్నది. మీరు ఈసారి మ్యాచ్‌కి వెళ్లినప్పుడు పాప అరుపును కాకుండా, అరిచేటప్పుడు తను ఎటు తిరిగిందో చూడండి. సమాధానం సగం అక్కడే దొరుకుతుంది.

కోచ్‌గారి మాటకు వస్తే, ఆయన భయం నాకు అర్థమవుతుంది. పదిమంది పిల్లలు ఒకేసారి అరిస్తే అకాడమీ నడపలేరు. కానీ పిల్లని పూర్తిగా నోరు మూసుకోమనడం ఆటకే నష్టం. జేమ్స్ గ్రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1990లలో కొన్ని ప్రయోగాలు చేశారు. మనసును కలతపెట్టే దృశ్యాలు చూపించి, ముఖంలో ఏమీ కనిపించనీయకండి అని కొందరికి చెప్పారు. వాళ్ల ముఖం మామూలుగానే ఉంది, లోపల కలత మాత్రం తగ్గలేదు, పైగా శరీరం ఇంకా ఎక్కువ ఒత్తిడికి లోనైంది. తర్వాత చేసిన ప్రయోగాల్లో, అలా దాచుకున్నవాళ్లకు అప్పుడు చూసినవీ విన్నవీ సరిగ్గా గుర్తులేవని కూడా తేలింది. షటిల్‌లో దీని అర్థం ఏంటో ఏ కోచ్‌కైనా తెలుసు: 11 పాయింట్ల దగ్గర దొరికే 60 సెకన్ల విరామంలో ఆయన చెప్పిన మాట ఆ పిల్ల బుర్రలో నిలవదు. పొంగే పాల మీద మూత పెడితే పొయ్యంతా పాలే అవుతుంది. మంట తగ్గించడం నేర్పాలి: టవల్ తీసుకోవడం, రాకెట్ తీగలు సర్దుకోవడం, సర్వీస్‌కి ముందు ఒక్కసారి ఊపిరి వదలడం.

ఇంకో పరిశోధన ఉంది, నాకు చాలా ఇష్టమైనది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్, పారాలింపిక్స్ జూడో పోటీల్లో గెలిచినప్పుడు, ఓడినప్పుడు క్రీడాకారులు ఎలా నిలబడ్డారో జెస్సికా ట్రేసీ, డేవిడ్ మత్సుమోటో ఫొటోల్లో పరిశీలించి 2008లో ప్రచురించారు. వాళ్లలో పుట్టుకతో చూపు లేనివాళ్లూ ఉన్నారు. గెలిచిన మనిషి చేతులు పైకెత్తడం, ఛాతీ విప్పడం వాళ్లు జన్మలో ఎన్నడూ చూసి ఉండరు. అయినా అందరిలాగే చేతులెత్తారు, ఛాతీ విప్పారు, ఓడితే భుజాలు వంచారు. అంటే ఆ పిడికిలి మీ పాప టీవీ చూసి తెచ్చుకున్న అలవాటు మాత్రమే కాదు, మనిషి ఒంట్లో ఉన్నదే. అయితే అదే పరిశోధనలో, పాశ్చాత్య దేశాలకు చెందిన చూపున్న క్రీడాకారులు ఓటమి సిగ్గును కాస్త దాచుకోవడం కూడా కనిపించింది. పుట్టుకతో వచ్చినదాన్ని ఎంతవరకు చూపించాలో మనిషి చుట్టుపక్కలవాళ్ల దగ్గర నేర్చుకుంటాడు. మీరూ, కోచ్‌గారూ, అత్తగారూ ఆ చుట్టుపక్కలవాళ్లే.

అత్తగారి మాట గురించి నేను మెత్తగా చెప్పలేను, క్షమించండమ్మా. ఇదే అరుపు అబ్బాయి అరిస్తే గ్యాలరీలో తండ్రులు 'ఫైటర్‌రా వీడు' అంటారు. అమ్మాయి అరిస్తే తలలు తిప్పుతారు. నా దగ్గరకొచ్చే తెలుగు కుటుంబాల్లో ఇది చాలాసార్లు చూశాను, కన్నడ కుటుంబాల్లోనూ చూశాను. 'నలుగురూ ఏమనుకుంటారో' అని గొంతు తగ్గించుకున్న అమ్మాయి స్మాష్ కూడా తగ్గించి కొడుతుంది. ఒంటిని ఒకచోట అణచి, ఇంకోచోట పూర్తిగా వాడమంటే కుదరదు. నియమానికి ఆడా మగా తేడా లేదు. 2023 జులైలో ఢాకాలో అవుటయ్యాక బ్యాట్‌తో వికెట్లను కొట్టి, అంపైర్ల మీద మాట తూలినందుకు హర్మన్‌ప్రీత్ కౌర్ మీద రెండు మ్యాచ్‌ల నిషేధం పడింది. అది ఆమె ఆడపిల్ల అయినందుకు పడలేదు, చేసిన పనికి పడింది. మీ పాపనూ అలాగే చేసిన పనిని బట్టి తూచండి. అత్తగారిని ఒకసారి మ్యాచ్‌కి తీసుకెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టండి. మూడో గేమ్‌కి వచ్చేసరికి పెద్దవాళ్లే గట్టిగా అరవడం నేను చూశాను.

నెమ్మదస్తులు ఉండరా అంటే ఉంటారు. వాళ్లకూ లోపల ఉంటుంది. మన వీవీఎస్ లక్ష్మణ్ ఎంత శాంతమూర్తో అందరికీ తెలుసు, ఈ ఊళ్లోనే బీసీసీఐ క్రికెట్ అకాడమీ బాధ్యతలు చూశారు. 2010 అక్టోబరులో మొహాలీలో ఆస్ట్రేలియా మీద నడుం నొప్పితో 73 పరుగులతో నాటౌట్‌గా నిలిచి, ఒక్క వికెట్ తేడాతో గెలిపించిన రోజు, పరుగు విషయంలో గందరగోళపడ్డ ప్రజ్ఞాన్ ఓఝా మీద ఆయన అరిచిన అరుపు ఇప్పటికీ జనం చెప్పుకుంటారు. బెంగళూరు వాళ్లు గర్వంగా చెప్పుకునే రాహుల్ ద్రవిడ్ 2024 జూన్‌లో బార్బడోస్‌లో టీ20 ప్రపంచకప్ చేతికి వచ్చాక పెట్టిన కేక చూశారుగా. ఆ ఇద్దరినీ క్రీడాస్ఫూర్తి లేనివాళ్లని ఎవరంటారు?

చెన్నైలో పెరిగిన తెలుగు కుర్రాడు గుకేశ్‌ను చూడండి. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ను ఓడించి పద్దెనిమిదేళ్లకే చదరంగంలో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. కళ్ల నుంచి నీళ్లు కారుతుండగానే బల్ల మీద పావులన్నీ తిరిగి మొదటి గళ్లలో పేర్చాడు. తర్వాత మాట్లాడినప్పుడు డింగ్ నిజమైన చాంపియన్‌లా పోరాడాడని చెప్పాడు. ఆరు నెలలు తిరక్కుండానే నార్వే టోర్నమెంట్‌లో గుకేశ్ చేతిలో ఓడిన మాగ్నస్ కార్ల్‌సన్ పిడికిలితో బల్ల గుద్దితే పావులు ఎగిరిపడ్డాయి. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. ఆ తర్వాతి క్షణాలు కూడా చూడమని పిల్లలకు చెబుతుంటాను: కార్ల్‌సన్ చేయి కలిపాడు, సారీ చెప్పాడు, వెళ్తూ గుకేశ్ వెన్ను తట్టాడు. బల్ల గుద్దడం మంచి పని అని నేననను. కానీ కోపం వచ్చిన మనిషికి తిరిగి రావడానికి దారి ఉంటుందని అతను చూపించాడు. పన్నెండేళ్ల పిల్లకు కోపం రాకూడదని నేర్పడం కంటే ఆ దారి చూపించడం తేలిక.

ఆ దారి ఎదుటివాళ్ల వైపు నుంచి కూడా రావొచ్చు. చాలా ఏళ్లు ఆర్‌సీబీకి ఆడిన మన హైదరాబాదీ సిరాజ్ 2025 జులైలో లార్డ్స్‌లో ఇంగ్లండ్ బ్యాట్స్‌మన్ బెన్ డకెట్‌ను అవుట్ చేసి, మొహం మీదికి వెళ్లి అరిచాడు, వెళ్లేటప్పుడు భుజం కూడా తగిలింది. మ్యాచ్ ఫీజులో 15 శాతం కోత పడింది, అది న్యాయమే. మర్నాడు చివరి బ్యాట్స్‌మన్‌గా జడేజాతో కలిసి మొండిగా నిలబడ్డాడు. బషీర్ వేసిన బంతిని చక్కగానే అడ్డుకుంటే, అది నేల మీద దొర్లుకుంటూ వెళ్లి వికెట్లకు తగిలి బెయిల్ పడింది. 22 పరుగులతో ఓటమి. సిరాజ్ అక్కడే కూలబడ్డాడు. ముందుగా అతని దగ్గరికి వచ్చినవాళ్లలో జో రూట్, జాక్ క్రాలీ ఉన్నారు. నిన్న తమ జట్టువాడి మీద అరిచినవాడే కదా అని వాళ్లు ఆగలేదు. మూడు వారాల తర్వాత ఓవల్‌లో చివరి వికెట్ తీసి ఆరు పరుగులతో గెలిపించింది సిరాజే. ఆ రోజు అతని ఆనందానికి హద్దుల్లేవు, ఎవరికీ ఫిర్యాదూ లేదు. ఎవరి మొహం మీదా అరవలేదు కాబట్టి.

ఇక చేయి కలపని విషయం. దీన్ని వదలొద్దు. మ్యాచ్ ముగిశాక ముందు నెట్ దగ్గరికి వెళ్లి ఎదుటి ఆటగత్తెకు, తర్వాత అంపైర్‌కు చేయి కలపాలి. ఏడుస్తూ కలిపినా ఫర్వాలేదు. కళ్లలోకి చూడలేకపోయినా ఫర్వాలేదు, అది మెల్లగా వస్తుంది. కానీ వెళ్లాలి. గెలిచిన పిల్ల కూడా పన్నెండేళ్లదే. చేయి చాచి నిలబడి, ఎవరూ రాకపోతే, తన గెలుపే ఏదో తప్పులా అనిపిస్తుంది ఆ పిల్లకి. వీలైతే ఆ అమ్మాయి ఏ అకాడమీలో ఆడుతోందో కనుక్కుని, మీ పాపతో ఒక మాట చెప్పించండి. బెంగళూరులో సబ్‌జూనియర్ షటిల్ చాలా చిన్న లోకం, రెండు నెలల్లో ఇంకో టోర్నమెంట్‌లో మళ్లీ ఎదురవుతుంది. క్షమాపణ అని పెద్దగా చేయక్కర్లేదు. 'ఆరోజు బాగా ఆడావు, నేను చేయి కలపకుండా వెళ్లిపోయాను' అంటే చాలు.

పెద్ద టోర్నమెంట్లలో కెమెరాలుంటాయి, కార్డులుంటాయి. పిల్లల మ్యాచ్‌ల్లో, ముఖ్యంగా మొదటి రౌండ్లలో, చాలాచోట్ల లైన్ జడ్జీలే ఉండరు. తన వైపు పడ్డ షటిల్ లోపలా బయటా అని ఆ పిల్లే చెప్పాలి. నిజమైన పరీక్ష అక్కడ జరుగుతుంది, ఎవరూ చూడకుండా. 19-19 దగ్గర గీత మీద పడ్డ షటిల్‌ని 'ఇన్' అని తనే చెప్పి పాయింట్ వదులుకున్న పిల్ల ఎంత అరిచినా నేను ఆనందంగా వింటాను. నెమ్మదిగా, మర్యాదగా ఆడుతూ గీత మీది షటిళ్లన్నీ 'అవుట్' అనే పిల్లలూ ఉన్నారు. వాళ్ల తల్లిదండ్రులకు మాత్రం 'మా వాడు ఎంత పద్ధతో' అని పొగడ్తలు వస్తాయి. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

ఇలాంటి చిన్నవి ఇంకా ఉన్నాయి. షటిల్ నెట్ అంచుకు తగిలి అటువైపు జారి పాయింట్ వస్తే చేయెత్తి సారీ అన్నట్టు చూపించాలి. సర్వీస్ ఎదుటివాళ్లదైతే షటిల్‌ని నెట్ కిందినుంచి కాలితోనో రాకెట్‌తోనో నెట్టేయకుండా, చేతికి అందేలా పైనుంచి ఇవ్వాలి. ఈ రెండూ మీ పాప చేస్తోందా? చేస్తుంటే ఆ అరుపుల గురించి నిద్ర పాడుచేసుకోవద్దు. చేయకపోతే కోచ్‌గారిని వీటి మీద దృష్టి పెట్టమనండి. నోరు మూసుకోమనే బదులు ఈ రెండూ నేర్పిస్తే ఆయనకూ పని తేలికవుతుంది.

ఏడుపు సంగతి. ఏడవనివ్వండి. బాత్రూమ్‌కి వెళ్లి ఏడ్చినా, మీ భుజం మీద ఏడ్చినా మీరేమీ అనొద్దు. యెలహంకలోనో జయనగర్‌లోనో మ్యాచ్ అయ్యాక వైట్‌ఫీల్డ్ చేరేదాకా రింగ్‌రోడ్డు ట్రాఫిక్‌లో కారులో చాలాసేపు ఉంటారు. ఆ సమయంలో మ్యాచ్ గురించి మీరు ఒక్క మాటా ఎత్తకండి. తనే ఎత్తితే వినండి. 'బ్యాక్‌హ్యాండ్ ఎందుకు అలా కొట్టావు' అన్న ప్రశ్న కోచ్‌ది, మర్నాటిది.

గ్యాలరీలో మీరు, మీ వారు ఎలా ఉంటారో కూడా చూసుకోండి. చాలామంది పిల్లలు పాయింట్ పోగానే ముందు స్కోరు వైపు చూడరు, అమ్మానాన్నల వైపు చూస్తారు. అక్కడ ముఖం ముడుచుకుని కనిపిస్తే ఆ పాయింట్ బరువు రెట్టింపు అవుతుంది. ఎదుటి పిల్ల మంచి షాట్ కొట్టినప్పుడు మీరు చప్పట్లు కొట్టండి. మొదట్లో పాపకి కోపం వస్తుంది, రెండు మూడు మ్యాచ్‌లకు అలవాటవుతుంది. 2024లో పారిస్‌లో అర్షద్ నదీమ్ ఈటెను 92.97 మీటర్లు విసిరి స్వర్ణం తీసుకెళ్తే, రజతం తెచ్చిన నీరజ్ చోప్రా వాళ్లమ్మ సరోజ్ దేవి హరియాణా పల్లెలో ఇంటిముందు నిలబడి, రజతమైనా మాకు సంతోషమే, స్వర్ణం గెలిచిన ఆ అబ్బాయీ మా పిల్లాడే అన్నారు. అలాంటి ఇంట్లో పెరిగిన కొడుకు ప్రత్యర్థులతో ఎలా ఉంటాడో మనం చూస్తూనే ఉన్నాం. ఇంట్లో భోజనాల దగ్గర ఎదుటి పిల్లల గురించి ఎలా మాట్లాడుకుంటామో పాప వింటూ ఉంటుంది. 'ఆ పిల్ల చీటింగ్ చేసి గెలిచింది' అని నాన్న ఒక్కసారి అంటే, తర్వాతి మ్యాచ్‌లో చేయి కలపడానికి పాప మనసొప్పదు.

వచ్చే టోర్నమెంట్‌కి ముందు కోచ్‌గారితో ఒక పది నిమిషాలు కూర్చోండి, పాపని కూడా కూర్చోబెట్టుకోండి. అరవొచ్చు, కానీ వెనక్కి తిరిగి. ఎదుటివాళ్ల తప్పుకి అరవకూడదు. గీత మీద పడితే ఇన్. ఏం జరిగినా చేయి కలపాలి. ఈ నాలుగింటికీ ముగ్గురూ ఒప్పుకుంటే ఆయన కూడా 'నోరు మూసుకో' అనడం మానేస్తారనే అనుకుంటున్నాను. ఒకవేళ ఆయన అప్పటికీ ఒప్పుకోకపోతే ఇక్కడే మళ్లీ రాయండి. వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు పిల్లలను వాళ్ల స్వభావంతోనే ఆడనిచ్చే కోచ్‌లు ఎవరున్నారో కనుక్కుని చెబుతాను.